స్పర్శరేఖ పేరు మారిన ఏడాది

కరోనా తర్వాత కాలేజీలు పూర్తిగా తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను అనకాపల్లిలోని ఒక జూనియర్ కాలేజీకి గణితం లెక్చరర్‌గా వేశారు. నా సర్వీసులో అదే ఆఖరి పోస్టింగు. మొదటి సంవత్సరం తెలుగు మీడియం సెక్షన్ నాకిచ్చారు.

ఆ పాఠాల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది అవకలనం దగ్గర. ఒక రాశి మారుతుంటే, దానిమీద ఆధారపడిన మరో రాశి ఆ క్షణాన ఎంత వేగంగా మారుతోందో చెప్పేది అవకలజం. దానికి ముందు సగటు రేటు చెప్పాలి. చీడికాడ బస్సును ఉదాహరణగా తీసుకుని, వెళ్లిన దూరాన్ని పట్టిన కాలంతో భాగించి చూపించాను. ఆ వైపు నుంచే వచ్చే చెరకు రైతు కూతురు నూకరత్నం లేచి నిలబడింది.

“ఆ బస్సు ఆగాగి వత్తాది మేడం. సగటు తీసేత్తే ఎక్కడా ఆగనట్టే ఉంటాది గదా?”

నేను చెప్పబోయేది సరిగ్గా అదే. అందుకే కాలవ్యవధిని తగ్గించుకుంటూ సున్నా దగ్గరకు తీసుకెళతాం. అప్పుడు సగటు ఏ విలువను సమీపిస్తుందో దాన్ని అవధి అంటాం. గ్రాఫు గీస్తే, ఆ వక్రరేఖను అక్కడ తాకుతూ పోయే స్పర్శరేఖ వాలు అదే. ఈ పిల్ల గణితంలో చాలా దూరం వెళుతుందని ఆరోజే అనుకున్నాను.

దసరా సెలవులయ్యాక, పిల్లలు తక్కువగా ఉన్నారని తెలుగు సెక్షన్‌ను ఇంగ్లీషు సెక్షన్‌లో కలిపేశారు; ఇక పాఠాలూ పరీక్షలూ ఇంగ్లీషులోనే. నన్ను రెండో సంవత్సరానికి మార్చారు. కొన్నాళ్లపాటు గణిత పదాలు రెండు భాషల్లోనూ చెప్పించమని ప్రిన్సిపాల్‌ను అడిగాను. అలా చెబితే సిలబస్ పూర్తి కాదన్నారు. మళ్లీ వెళ్లి అడిగినా అదే జవాబు.

వార్షిక పరీక్షలో నూకరత్నం గణితంలో తప్పింది. సప్లిమెంటరీ కూడా రాయదట అని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే బట్టల కంపెనీలో చేరిపోయింది. ఆదివారం కాబట్టి దొరికింది. వక్రరేఖకు టాంజెంట్, నార్మల్ కనుక్కోమన్న లెక్క వదిలేశానంది. ఎందుకని అడిగాను.

“టాంజెంటంటే త్రికోణమితిలో టాన్ అనుకున్నాను మేడం. నార్మలంటే మామూలుగా సెయ్యమన్నారేమో అనుకున్నాను.”

టాంజెంట్ అంటే స్పర్శరేఖేననీ, నార్మల్ అంటే దానికి లంబంగా గీసే అభిలంబరేఖ అనీ చెప్పాను. ఆమె నా పెన్ను అడిగి తీసుకుని ఆ లెక్క చేసింది. ఒక్క తప్పు లేదు.

పరీక్ష రాయమని బతిమాలాను. వాళ్ల నాన్న అడ్డుపడ్డాడు.

“దానికి లెక్కలు రావని కాలేజీవోళ్లే తేల్చేసేరు గదమ్మా. మళ్లీ ఎందుకు దాన్ని ఏడిపించడం?”

నూకరత్నం పెన్ను నా చేతికిచ్చేసింది.

“రావనుకుని ఎలాగో మనసు సరిపెట్టుకున్నాను మేడం. ఇప్పుడు వచ్చని తెలిసి ఏటి సేత్తాను?”

ఆమె పరీక్ష రాయలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ సెక్షన్ అలాగే నడిచింది.

పదం అన్నది భావానికి పెట్టుకున్న పేరేనని మాకు శిక్షణలో చెప్పేవారు. పేరు తెలియకపోతే భావం ఎంత బాగా తెలిసినా మార్కు రాదు. మార్కు రాకపోతే తనకేమీ తెలియదనే పిల్ల నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని చెరిపే పద్ధతి మా సిలబస్‌లో లేదు. నాకూ దొరకలేదు.