పొంగిన ఫోను

పోయిన ఎండాకాలం రూపనగుడిలో మా ఇంట్లో జరిగిందిది. పగిలిన ఫోను స్క్రీను నేనే మారుద్దామని బళ్ళారిలో కొత్తది కొన్నాను. పాతదాని జిగురు ఎంతకీ ఊడలేదు. రొట్టెలు కాల్చి దించిన పెనం మీద కాసేపు పెడితే ఊడొచ్చింది. కొత్తది బిగించాను, వెలిగింది కూడా!

అంతలో పెనం వేడికి లోపలి బ్యాటరీ ఉబ్బి, ఫోను వెనకవైపు పొంగసాగింది. పొంగే జొన్నరొట్టెను గుడ్డతో అదిమే అలవాటు కదా, చేయి ఆగలేదు. అదిమాను. బుస్సుమని పొగ, వెంటనే మంట! పక్కనే చాప మీద మా ఏడాది పాప.

"ఏంది మే, అట్ల చూస్తాండావు? పాప ఉండాది ఈడ!" అని మా అత్త అరిచింది. తనే పాపను లాక్కుని, ఆ పెనాన్ని మంట మీద బోర్లించింది.

ఇప్పటికీ ఆ పెనం మీదే రొట్టెలు కాలుస్తున్నాను. రొట్టె పొంగిందంటే చాలు, అదిమేముందు పాప ఎక్కడుందో చూసుకుంటాను.