నిలబడిన చోటు

డిగ్రీలో బిహేవియరల్ న్యూరోసైన్స్ తీసుకున్నానని ఆ పిల్ల చెబితే చుట్టాలకి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు.

“అంటే పిచ్చి డాక్టరువవుతావా?” అని అడిగింది పిన్ని.

“కాదు పిన్నీ, ఎలుకలకి ఈత నేర్పుతున్నా.”

“దానికి కాలేజీ దాకా ఎందుకే? మా ఇంట్లో బోలెడున్నాయి, రా.”

ఆ రోజు నుంచీ ఆమె పేరు ఇంటాబయటా ఎలుకలమ్మ అయిపోయింది. వేళాకోళం ఆడింది గాని, ఆ చదువులో ఎందుకు చేరిందో పిన్నికీ తెలుసు.

ఎలుకలమ్మ నాన్న సిటీ బస్సు డ్రైవరు. జుట్టు నెరిసేదాకా ఒకే రూట్లో నడిపాడు. కళ్ళకి గంతలు కట్టినా బస్సుని డిపోకి చేర్చగలడని తోటివాళ్ళు అనేవారు. అలాంటి మనిషి ఓ ఉదయం నిండు బస్సుని తప్పుదారి పట్టించి, ఏదో గోడౌను గేటు ముందు ఆపేసి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. కండక్టరు చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారులు గుర్తుపెట్టుకునే భాగం మెదడులో అరిగిపోతోందని డాక్టర్లు చెప్పారు. అదే భాగం ఎలుక మెదడులోనూ ఉంటుందని తెలిసిననాడే ఆమె తన చదువేమిటో తేల్చుకుంది.

ల్యాబులో పెద్ద గుండ్రటి నీళ్ళ తొట్టి. అడుగు కనబడకుండా నీళ్ళలో తెల్లరంగు కలుపుతారు. పైకి కనబడకుండా, వేలెడు లోతులో ఒక దిమ్మ ఉంటుంది. ఎలుకని వదిలితే అది ఈది ఈది, ఆ దిమ్మ దొరికితే ఎక్కి ఒళ్ళు దులుపుకుంటుంది. గోడలకి అంటించిన బొమ్మల్ని ఆనవాలు పెట్టుకుని, రోజురోజుకీ దారి నేర్చుకుంటుంది. బొమ్మలు బాగా పెద్దవి చేసి, నలుపు తెలుపుల్లో కొట్టొచ్చేలా పెడితే ముసలి ఎలుకలు కూడా దారి తప్పకుండా ఉంటాయా? ఎలుకలమ్మ ఆఖరి ఏడాది ప్రాజెక్టు అదే.

చేతిలో పనితనం ఉన్న పిల్ల. ఎలుకని తోక పట్టి ఎత్తేది కాదు, పొట్ట కింద అరచెయ్యి ఆనించి ఎత్తేది. వాసన మారితే బెదురుతాయని ఒంటి సబ్బు కూడా మార్చలేదు. ముసలి ఎలుకలు గురి చూసి కొట్టినట్టు దిమ్మ మీదకి చేరుతుంటే, తనే ఈది ఒడ్డెక్కినట్టు సంబరపడేది.

ఆ సంబరంతోనే ఇంట్లో బాత్రూమ్ తలుపుకి, నాన్నకి ఆనవాలుగా, నీలం రంగు వేసింది. ఇరుకు నడవా, చివర నాన్న మంచం. ఆ తలుపు పక్కనే ఒక కుర్చీ. బడికెళ్ళే రోజుల నుంచీ ఆమె చదువంతా ఆ కుర్చీలోనే సాగింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో అమ్మకి పొద్దుటి పని. అమ్మ తిరిగొచ్చేదాకా ఎలుకలమ్మ కాపలా, ఆ తర్వాత కాలేజీ. నాన్న లేచి గోడ తడుముకుంటూ వచ్చేవాడు.

“నెక్స్ట్ స్టాప్ బాత్రూమ్! దిగేవాళ్ళు ముందుకి రండి!”

“హోల్డాన్ నాన్నా, టికెట్?”

“స్టాఫమ్మా, స్టాఫ్!” అంటూ తిన్నగా తలుపు తీసేవాడు. ఒక్కసారీ తప్పకపోతే, అదంతా రంగు చలవే అనుకుంది.

ఆ ధైర్యంతోనే, చదువయ్యాక పనికి రమ్మని దూరపు ఊళ్ళో ఓ పెద్ద ల్యాబు పిలిస్తే వస్తానంది. అమ్మ మాత్రం తెగేసి చెప్పింది.

“ఆయన ఒక్కడే ఇంట్లో తిరగగలిగితే వెళ్ళు, నేనడ్డం రాను. లేదంటే నేను పని మానాలి. మానితే ఏం తింటాం?”

“తిరుగుతున్నాడు కదమ్మా, చూస్తున్నావుగా.”

ఇంతలో ల్యాబులో ఆమె రోజూ నిలబడే చోట ఏసీ నీళ్ళు కారుతున్నాయని తొట్టికి అవతలి పక్కకి జరిగింది. ఎలుకని వదిలింది. అది దిమ్మ వైపు చూడనైనా చూడలేదు. అవతలికి, ఆమె వైపుకి ఈది, అక్కడే గిరగిరా తిరిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

ప్రాజెక్టు చేయిస్తున్న మేడమ్ వెనకాల నిలబడి చూస్తోంది.

“తెర ఎందుకు కట్టలేదు? ఎలుకని వదిలాక నువ్వు తెర వెనక్కి పోవాలి కదా.”

“ముసలివి మేడమ్. అలిసి మునిగితే చప్పున తీద్దామని...”

“అవి బొమ్మల్ని చూళ్ళేదమ్మా. నిన్ను చూసుకుని పోతున్నాయి. నువ్వు ఎటుంటే అటు.” మేడమ్ గొంతు తగ్గించింది. “ఈ పొరపాటు మేమూ చేసినవాళ్ళమే. కొత్త ఎలుకలు తీసుకుని మొదటినుంచీ చెయ్యి.”

ఇన్నాళ్ళ పని నీళ్ళపాలైంది. కానీ ఇంటికెళ్ళే బస్సులో ఆమె ఆలోచన దాని మీద లేదు. కుర్చీ మీద ఉంది.

మర్నాడు అమ్మ వెళ్ళాక కుర్చీని వంటగది దగ్గరికి జరిపి కూర్చుంది.

“నెక్స్ట్ స్టాప్ బాత్రూమ్!” నాన్న వచ్చాడు. నీలం తలుపుని దాటిపోయాడు. ఆమె దాకా వచ్చి, అలవాటు చొప్పున పక్కకి తిరిగి, ఎదురైన బట్టల బీరువా తెరిచాడు. మడత పెట్టిన చీరల్ని చూస్తూ నిలబడ్డాడు.

“స్టాపు మార్చారేంటమ్మా? ప్యాసింజర్లకి చెప్పొద్దూ?”

అప్పటికే పైజమా తడిసిపోయింది. కింద చూసుకుని, “ఎవరో నీళ్ళు ఒలకబోశారు,” అన్నాడు నెమ్మదిగా.

“నా తప్పే నాన్నా.”

“ఊరుకో. ఏం జరిగినా తప్పు డ్రైవరుదే అంటారు.”

ఆ మర్నాడు కుర్చీని పాత చోటికి తెచ్చి, దానికి ఆయన ఖాకీ చొక్కా తొడిగి, తను తలుపు చాటున నిలబడింది. నాన్న వచ్చి చొక్కా ముందు ఆగాడు.

“డ్యూటీలో ఉన్నారా? సరే కానీండి, నేనాగుతా.”

ఆగాడు. పాపం, ఆగలేనంతసేపు ఆగాడు. మూడో పరీక్షకి ఆమెకి మనసొప్పలేదు.

సాయంత్రం అమ్మతో చెప్పేసింది.

“తలుపు రంగు పనిచెయ్యలేదమ్మా. నాన్న నన్ను చూసి వెళ్తున్నాడు.”

“పోనీ నేను కూర్చుంటానే ఆ కుర్చీలో.”

“కొత్తగా నేర్చుకోలేడమ్మా. నేను అక్కడ కూర్చోవడం ఎప్పటినుంచో ఉన్నది, అందుకే అదొక్కటీ గుర్తు మిగిలింది. అయినా నువ్వు కూర్చుంటే లాండ్రీకి ఎవరెళ్తారు?”

అమ్మ బట్టల సోడాకి పాసిపోయిన తన వేళ్ళని చూసుకుంటూ కూర్చుంది. వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. ఎవరో ఒకరు అనాలి కాబట్టి ఎలుకలమ్మే అంది, “రానని చెప్పేస్తాలే.”

తెర కట్టి, కొత్త ఎలుకలతో ప్రాజెక్టు మళ్ళీ చేసింది. బొమ్మలు ఎంత పెద్దవి చేసినా ముసలి ఎలుకలకి ఒరిగిందేమీ లేదని తేలింది. ఉన్నదున్నట్టే రాసిచ్చింది. పట్టా వచ్చాక అదే కాలేజీలో, మధ్యాహ్నం పూట ఎలుకల గది శుభ్రం చేసే పనికి కుదిరింది.

నీలం రంగు పెచ్చులూడుతోంది. మళ్ళీ వెయ్యాలని ఎవరికీ అనిపించలేదు. పొద్దున్నే నాన్న గోడ తడుముకుంటూ వస్తాడు. ఈమధ్య స్టాపుల పేర్లు చెప్పడం మానేశాడు. కుర్చీ దగ్గరికొచ్చి, ఆమె తల మీద చెయ్యి వేసి చూసుకుని, పక్కకి తిరుగుతాడు.

ఆమె కదలకుండా కూర్చుంటుంది.