పాలక్యానులో మూడు పరకలు

నాచారంలో మేం అద్దెకున్న ఇంటి బావిలో పరకలు ఉండేవి. పరక అంటే వేలెడంత ఏటి చేప, తోక దగ్గర నల్లచుక్క. అవి ఈదుతున్నంత కాలం నీళ్లు తాగొచ్చని ఇంటావిడ మరియమ్మ గారి లెక్క. తొంభైల మొదట్లో ఒక పొద్దున రెండు వెల్లకిలా తేలాయి. "ముసలివైనయ్ తమ్మీ. మూసీకాడికి పోయి కొత్తయి తే. మన బాయి నీళ్లు పట్టుకపో, అలవాటు పడాలె" అంది. అప్పటికే మా పాప ఆ నీళ్లు గ్లాసుడు తాగి బడికి వెళ్లింది.

తొమ్మిదింటి బస్సులో ఉప్పల్ చౌరస్తాకు రూపాయి. బావినీళ్లు నింపిన నా పాలక్యాను చూసి కండక్టర్ ఆగాడు.

"పాలా?"

"నీళ్లు."

"మా పాలాయనే నయం. జర పాలు గుడ కలుపుతడు."

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజుకి అదే ఆఖరు. ఇంకో బస్సులో పీర్జాదిగూడ, అక్కణ్ణుంచి గడ్డి మళ్ల గట్ల మీద అరగంట నడక. ఏటికంటే ముందు దాని వాసన ఎదురొచ్చింది. నీళ్ల మీద మోకాలెత్తు నురగ, ఒక్క కొంగ లేదు. ఒడ్డున ఊటగుంట పక్కన కొమురయ్య అనే ముసలాయన వల ఆరబెడుతున్నాడు.

"ఏట్ల ఏడున్నయ్ బావా పరకలు? అన్నీ సచ్చినయ్. గీ గుంటల జరన్ని మిగిలినయ్" అని మూడు పట్టి క్యానులో వేశాడు.

మూడూ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఆయన బీడీ సగం కాలకముందే పక్కకు ఒరిగాయి. ఆయన ఇంకోటి పట్టి గుంటనీళ్లు నింపిన తన కుండలో వేస్తే, ఆ నాలుగోది హాయిగా తిరుగుతోంది.

"క్యాను కడిగినవా?"

"మూడుసార్లు."

"మీ బాయి పక్కకు ఏమున్నది?"

"ఫ్యాక్టరీ కాలువ."

"ఏరు సచ్చిందని సూస్తున్నవ్, మీ బాయి గుడ సచ్చింది. ఇంటికి ఉరుకు, బావా."

బస్సు దొరికేదాకా ఉప్పల్ వైపు పరిగెత్తాను. నేరుగా బడికి వెళ్తే పాప ఎక్కాలు చదువుతోంది. బయటికి పిలిచి నాలుక చూశాను, కళ్లు చూశాను. ఏమీ లేదు. ఆ సాయంత్రమే మరియమ్మ గారు బావి మీద రేకు వేయించింది. "సచ్చినయ్ తీసి కొత్తయి ఏసుడు ఇది నాలుగోసారి తమ్మీ, ముసలివే అనుకున్న" అంది, నా మొహం చూడకుండా.

ఏరు పాడైతే ముక్కు చెబుతుంది. బావి పాడైతే చేప ఒక్కటే చెబుతుంది, దాన్ని మేం వయసు మీద తోసేశాం. పాపకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆమె నీళ్లు తాగుతుంటే గ్లాసు కింద పెట్టేదాకా నేను మాట్లాడను. మీరు చేపల కోసం వెళితే మీ నీళ్లు వెంట తీసుకెళ్లండి. ముందు ఒక్కదాన్నే వేసి, అక్కడే కూర్చుని చూడండి.