చెల్లె తోలు, నా తోలు

మా ఇల్లు శాలిబండల. బాపుకు ఏడు బర్రెలుండె. పొద్దుగాల, మాపటికి పాలు పిండి ఇంటి ముంగటనే అమ్మేటోళ్లం. ఇంట్ల పిల్లలం ఇద్దరం, నేను, నాకంటె మూడేండ్లు చిన్నది చెల్లె. నాకు ఏడాది నిండకముందే కాళ్లు చేతులు చేప పొలుసు లెక్క అయినయట. చలికాలమొస్తే పగిలి నెత్తురొచ్చేది. చెల్లె ఒంటి మీద మచ్చ లేకుండె. ఐతారం నాడు అమ్మ ఒక్క గిన్నెల నూనె ఇద్దరికీ రాసేది. దాని ఒంటి మీద మాపటిదాంక మెరిసేది, నా ఒంటి మీద గంటల ఇంకిపోయేది. నేను నూనె దిక్కు కాదు, దాని దిక్కు చూసి ఏడ్చేదాన్ని.

నాకు పన్నెండేండ్లున్నప్పుడు, పాలకొచ్చిన ఒకామె పాలు పోస్తున్న నా చెయ్యి చూసి గిన్నె వెనుకకు తీసుకుంది. "ఛోటీకో బులావ్ బేటా" అన్నది, చిన్నదాన్ని పిలువుమని. మెల్లగ, ప్రేమగనే అన్నది. గందుకే ఇంక ఎక్కువ గుచ్చుకుంది. ఆ దినం నుంచి పాలు కొలిచే పని చెల్లెకు పోయింది, నేను వెనుక కొట్టంలకు పోయిన. కుడితి కలుపుడు, పెండ తీసుడు. బర్రెలకు నా చేతులతోని ఏ పంచాయితీ లేకుండె.

బడిల నా పక్కన ఎవ్వరు కూసోకపోతుంటె ఎనిమిదో తరగతిల బంద్ చేసిన. చెల్లె చదువుకుంట చదువుకుంట బీఎస్సీల చేరింది, కోఠికి బస్సుల పోయేది. మాపటికి వచ్చి పాఠాలు పైకి చదివేది. నాకు వినబడాల్నని కాదు, దానికట్లనే వస్తది. నేను మాత్రం నాకు చూపెట్టుకుంట చదువుతుందనే అనుకునేదాన్ని.

ఒక ఎండకాలం, పాల క్యాన్లు కడిగే మనిషి పని మానేసింది. అమ్మ ఆ పని చెల్లెకు చెప్పింది.

"బట్టల సోడా ఎంతెయ్యాలె అక్కా?" అని అడిగింది చెల్లె.

"రెండు పిడికిళ్లు. నీళ్లు మస్తు వేడిగుండాలె" అన్న.

ఒక్క చెంచా సాలు. నాకు తెలుసు. వారంల దాని చేతులు ఎర్రగై పగిలినయి. కలం పట్టుకోరాలె, పాలు పోయరాలె. అబద్ధమెందుకు చెప్పాలె, నాకు కడుపుల సల్లగైంది. గని ఆ సల్లదనం వారమే. అమ్మ వెన్న రాసింది, పది దినాలకే కింద నుంచి కొత్త తోలు రావట్టింది. ఇరవై రెండేండ్లల్ల నా ఒళ్లు చేసుకోలేని పని దాని ఒళ్లు పది దినాలల్ల చేసుకుంటుంటె నా కుళ్లు రెండింతలైంది.

దాని చేతులు చూసి కాలేజీల మేడం ఒక తోలు డాక్టరమ్మకు చీటి రాసిచ్చింది. "నాకైతే తగ్గుతుంది. నీ కోసమే పోదాం పా" అన్నది చెల్లె.

డాక్టరమ్మ నా చెయ్యిని తన ఒట్టి చేతులల్లకు తీసుకుంది. అమ్మ తప్ప గట్ల పట్టుకున్నోళ్లు లేరు. ఇద్దరి మడిమెల మీద బ్లేడుతోని సన్నగ పొట్టు గీకి, రెండు గాజు గొట్టాలల్ల వేసి, ఏదో సబ్బు మందు పోసి మరగబెట్టింది. మరుగుతుంటె చెప్పింది:

"చర్మం అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతుంది. చచ్చిపోయే ముందు తన అంచు లోపల చుట్టూ ప్రొటీన్లు పేర్చుకుంటుంది. ఒక ఎంజైమ్ వాటిని ఒకదానికొకటి ముడేస్తుంది. మామూలు ముడి కాదు, ఇట్లా మరగబెట్టినా విడిపోదు. కణం చచ్చినా ఆ పెంకు మిగులుతుంది. పెంకుల చుట్టూ కొవ్వు పూత ఉంటుంది. ఆ రెండూ కలిస్తేనే లోపలి తడి లోపల, బయటి మురికి బయట."

చెల్లె గబగబ రాసుకుంటుంది. నేనైతే గొట్టాల దిక్కే చూస్తున్న. దాని పెంకులు కరిగిపోవాలె, లేకుంటె నావన్న కరిగిపోవాలె, ఏదో ఒక తేడా తేలాలె అని మొక్కుకున్న.

ఒక్కో గొట్టంలకెళ్లి ఒక్కో చుక్క రెండు గాజు పలకల మీద వేసి మైక్రోస్కోపుల చూపెట్టింది. ఉల్లిపొర ముక్కల తీరుగ సన్నటి ఖాళీ పెంకులు. ఒక పలక చూసిన, రెండోది చూసిన.

"వీట్ల నాదేది?" అన్న.

"రెండోది. గట్టిగానే ఉన్నాయి చూడు. ముడేసే పని నీ ఒంట్లో బాగానే జరుగుతుంది. లోపం వేరే చోట ఉంది. పైపొర తడిని పట్టుకోవట్లేదు, పాత పొర రాలిపోవట్లేదు. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు." నా అరచెయ్యి తిప్పి చూసింది. "ఇంట్లో ఇంకెవరికన్నా గీతలు ఇంత లోతుగా ఉన్నాయా?"

"బాపుకున్నయి" అన్నం ఇద్దరం ఒక్కసారే. పాలు పిండి పిండి అట్లైనయని అనుకునేటోళ్లం.

"అయితే ఆయన నుంచే వచ్చింది. అంటురోగం కాదు." తర్వాత చెల్లె చేతులు చూసింది. "నీ చేతుల మీది కొవ్వంతా సోడా కడిగేసింది. ఇంత ఎవరు వెయ్యమన్నారు?"

"నేనే" అన్న. "కావాల్ననే చెప్పిన. దాని చేతులు నావోలె అయితే ఎట్లుంటదో చూద్దామని."

డాక్టరమ్మ నా దిక్కు చూసి మందుచీటి రాసింది. చెల్లె కలం మూసింది.

బస్సుల చెల్లె నాకు దూరంగ కూసుంది. దిగి గల్లీలకొచ్చినంక అడిగింది.

"నా చేతులు పగిలితే సంతోషమైందా అక్కా?"

"అయింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు సిగ్గయితుంది. గని నిన్ను చూస్తే ఇప్పటికీ మండుతది."

అది మూడు దినాలు నాతోని మాట్లాడలె. నాలుగో దినం అమ్మ ముంగట కూసొని డాక్టరమ్మ చెప్పిందంత చెప్పింది, నేను చేసింది తప్ప. బాపు తన అరచేతులు రెండు పక్కపక్కన పెట్టుకొని మస్తుసేపు చూసుకున్నడు. తెల్లారి పాలు కొలిచే లోటా తెచ్చి నా చేతికిచ్చిండు. రెండిండ్లోళ్లు పాలకు వచ్చుడు బంద్ చేసిండ్రు. "పోనియ్" అన్నడు బాపు.

స్నానం చేసినంక తడి ఒంటికే మందు రాస్తె రెండు నెలలకు పగుళ్లు తగ్గినయి. పొలుసు పోలె, మెత్తబడ్డది. చెల్లె బీఎస్సీ పాసైనప్పుడు మళ్ల కుళ్లుకున్న. ఈసారి తోలుకు కాదు, చదువుకు. దానికి మందు లేదని నాకు తెలుసు. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగ రాస్త అన్న. లెక్కలు చెల్లెనే చెప్పింది. తప్పు పోయినప్పుడల్ల నవ్వేది. ఆ నవ్వుకు పండ్లు కొరుక్కుంటనే చేసినదే మళ్ల చేసేదాన్ని. రెండోసారికి పాసైన.