మేక మోకాలు, నా మహా ఆవిష్కరణ

మేక కాళ్లతో శాస్త్రలోకాన్ని తలకిందులు చేయబోయి నా పరువు నేనే బజారుకీడ్చుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

కడపలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మోకాలి ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థిని కంటికి ఆనని సూదిమొనతో నొక్కి, ఎంత గట్టిగా ఉందో కొలవడం నా పని. కీళ్లు అరిగే జబ్బులో అది మెత్తబడుతుంది. ముందు మేక మోకాళ్ల మీద కొలిచి చూపించాలి. ఆ ఏడాది సమీక్షలో ఫలితం చూపకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు.

చిక్కేమిటంటే, మాది రాయచోటిలో కిరాణా అంగడి నడిపే శెట్ల ఇల్లు. కోడిగుడ్డు పేరెత్తితేనే మా అవ్వ వంటిల్లు కడిగిస్తుంది. అలాంటి నేను మస్తానన్న మటన్ అంగడి ముందు ముక్కుకు రుమాలు కట్టుకుని, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

"అన్నా, నాలుగు కాళ్లు. మోకాళ్లతో సహా."

"ఈ పక్క తిరుగప్పా, చూసి తీసుకో."

"వద్దులేన్నా. నువ్వే చూసి ఇయ్యి."

చూసే ఇచ్చాడు, మహానుభావుడు.

ల్యాబులో సూది దిగితే ఒట్టు! మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ రాయే. ఎగిరి గంతేశాను. సమీక్షలో ఛాతీ విరుచుకుని, "రాళ్లల్లో తిరిగే మన సీమ మేకకు కీళ్ల జబ్బు రానే రాదు!" అని ప్రకటించాను. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరుగారు ముచ్చటపడి, ఆ నమూనా చూపించమన్నారు.

మా గైడు మేడమ్ డబ్బా మూత తీశారు. ఆవిడ జమ్మలమడుగు వైపు రైతుల ఇంటి ఆడపడుచు, ఆదివారమొస్తే కాళ్ల పులుసు తిని పెరిగిన మనిషి.

"ఏమప్పా, కాల్చిన వాసన వస్తాండాదే?"

"యంత్రం వేడెక్కిందేమో మేడమ్."

"యంత్రమా, నీ మొహమా!" అని, తానూ వాడుకగా కొనే మస్తానన్నకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టారు.

"కాల్చకుండా కాళ్లు ఎవరిస్తారు మేడమ్? బొచ్చు నోట్లో పడదా? పిల్లోడు సిగ్గుపడి అటు తిరిగి నిలబడుకున్యాడు. మనోడే కదా అని శానాసేపు కాల్చి, గీకి, తోలు తీసి ఇచ్చినా. పులుసు బాగొచ్చిందా?"

నేను కొలిచిన గట్టితనం మేకది కాదు, మంటకు ఎండి బిగుసుకుపోయిన మృదులాస్థిది! ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వారు. ఆ నవ్వు పుణ్యమా అని ఇంకో నెల గడువు దొరికింది. నా చదువు బతికింది.

మర్నాడు అంగడి ముందు కళ్లు ఇంతింత చేసుకుని నిలబడ్డాను. మస్తానన్న మంట వెలిగించగానే, "కాల్చొద్దన్నా, నాకు పచ్చివే కావాల!" అని కేక పెట్టాను. అంగడిలో ఉన్న మా రాయచోటి మనిషి ఒకాయన గబుక్కున ఫోన్ తీశాడు. నేను ల్యాబుకు చేరేలోపే రాయచోటి నుంచి అవ్వ ఫోన్.

"ఒరే, తింటే తింటివి గానీ, ఉడకబెట్టుకోనైనా తినకూడదా?"

అందుకే, సూదిమొన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ నమూనాకూ వీపు తిప్పను, ఏ మటన్ అంగడి ముందూ గొంతు పెంచను.