ఫ్లెక్సీకి ఎక్కిన సీటు

మా రేపల్లె బావ నాతో మాట్లాడటం మానేశాడు. నాకు పెద్ద బాధేమీ లేదు. మాట్లాడిన రోజుల్లో మాత్రం ఏం మాట్లాడాడు గనక. బావ, బావమరిది ఒకరినొకరు ఆట పట్టించుకోవడం మా ఇళ్ళల్లో హక్కు. ఆయన మా అక్క మెడలో తాళి కట్టిన పూట నుంచీ ఇద్దరం ఆ హక్కును అరగదీశాం. ఆయన నా చదువు మీద విసిరేవాడు, నేను ఆయన గొప్పల మీద విసిరేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. మేమిద్దరమే నవ్వేవాళ్ళం కాదు.

నా చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగింది. తెనాలిలో ఫ్లెక్సీలు వేసే షాపులో పనిచేస్తాను. అచ్చు వేసేది మిషను. దానికి చెక్క ఫ్రేము బిగించి, సరుగుడు కర్రలు పాతి, సెంటర్లలో నిలబెట్టేది నేను. పెళ్ళికొడుకులు, పుట్టినరోజు పిల్లలు, నాయకులు, పోయినవాళ్ళు, అందరూ నా చేతుల మీదుగానే పైకి లేస్తారు.

బావది చేపల వ్యాపారం. రేవులో రొయ్యా చేపా కొని, ఐసు పెట్టెల్లో సర్ది, తెనాలి మీదుగా ఊళ్ళకు పంపిస్తాడు. ఒక్కతే కూతురు. ఇంటర్ రెండేళ్ళూ ఆ పిల్లను పేరున్న ఒక హాస్టల్లో పడేశాడు. అక్కడ ఈల వేస్తే లేవాలి, ఈల వేస్తే తినాలి, ఈల వేస్తే పడుకోవాలి. సెలవులకు వచ్చినప్పుడు బస్సులో కండక్టర్ ఈల ఊదితే సీట్లోంచి లేచి నిలబడేది. మేం దిగులుపడ్డాం. బావ దాన్ని క్రమశిక్షణ అన్నాడు.

ఇంటర్ అయ్యాక ఆ పిల్లకు రెండు సీట్లు వచ్చాయి. ఒకటి, రాష్ట్రం అవతల ఒక పెద్ద యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజనీరింగ్. దాని పేరు చెబితే రేపల్లెలో టీ తాగేవాడు గ్లాసు దించి మరీ మనవైపు చూస్తాడు. రెండోది బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ. దాని పేరు చెబితే గ్లాసు దించడు. పిల్లకు కావలసింది ఆ రెండోదే. సోమవారం సాయంత్రం లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకెళ్ళి బాపట్లలో ఇస్తే సీటు నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

ఊరికే మారాం చేసి అడిగింది కాదు. రెండూ చూసే అడిగింది. పెద్ద యూనివర్సిటీకి బావ తీసుకెళ్ళాడు, సంచులు మోయడానికి నన్నూ రమ్మన్నాడు. అద్దాల మేడలు. టై కట్టుకున్న ఒకాయన మమ్మల్ని తిప్పి చూపించాడు.

"సాయంత్రాలు గేటు బయటికి వెళ్ళొచ్చా అండి?" అని అడిగింది పిల్ల.

"బయటికి అవసరమేంటమ్మా? అన్నీ లోపలే ఉన్నాయి."

"విన్నావా, అన్నీ లోపలేనంట" అన్నాడు బావ మురిసిపోతూ.

"విన్నాను నాన్నా" అంది పిల్ల. తిరుగు ప్రయాణంలో రేపల్లె దాకా మళ్ళీ నోరు విప్పలేదు.

బాపట్లకు నాతో వచ్చింది, తెనాలిలో రైలెక్కి. అక్కడ ఒక గదిలో పిల్లలు టమాటా ముక్కలు ఎండబెట్టి తూకం వేసుకుంటున్నారు. ఒక సారు కనిపిస్తే పిల్ల తిన్నగా వెళ్ళి అడిగేసింది. "ఒకే పడవ రొయ్య, ఒకే ఐసు. ఒక పెట్టె తెనాలి దాటకుండానే కంపు కొడుతుంది, పక్కది కొట్టదు. ఎందుకండి?" చిన్నప్పటి నుంచీ వాళ్ళ నాన్నను అడుగుతున్న ప్రశ్నే అది. ఆయన ఎప్పుడూ హమాలీలను తిట్టి ఊరుకునేవాడు. ఈ సారు తిట్టలేదు, ఎదురు ప్రశ్నలు వేశాడు. పెట్టె అడుగున నీళ్ళు పోయే దారి ఉందా, ఐసు గడ్డలా వేస్తారా, పొడిలా వేస్తారా అని. ఇద్దరూ అలా మాటల్లో పడిపోయారు, మా రైలు వెళ్ళిపోయింది. తర్వాతి బండిలో పొన్నూరు దాటినా పిల్ల ఆ పెట్టెల గోల ఆపలేదు. హాస్టల్ నుంచి వచ్చాక ఆ పిల్ల అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఈలోగా బావ చేయాల్సింది చేసేశాడు. మా షాపుకు ఫోను చేసి ఫ్లెక్సీ చెప్పాడు. వెనక ఆ పెద్ద యూనివర్సిటీ గేటు, ముందు నల్ల గౌను, టోపీతో కూతురు. ఇంకా చేరని కాలేజీలో పట్టా కూడా ఇప్పించేశాడన్నమాట. కింద శుభాకాంక్షలు చెప్పే చుట్టాల బొమ్మలు గుండ్రాల్లో వరసగా. అన్నిటికంటే పెద్ద గుండ్రంలో నల్ల కళ్ళజోడుతో ఆయన. అన్నిటికంటే చిన్నది, కుడివైపు చిట్టచివరి మూల, నేను.

"పిల్లనడిగావా బావా?" అన్నాను, రేపల్లె సెంటర్లో గుంట తవ్వుతూ.

"నీ పని కర్ర పాతడం. పాతు."

పాతాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనాలు, సీటొచ్చిన సంబరానికి. బావ తరఫు చుట్టాలంతా దిగారు. పిల్ల చేపల పులుసు వడ్డిస్తూ, వాళ్ళ నాన్న కంచం దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"నాన్నా, నేను బాపట్లలో చేరతాను."

"బాపట్లలో ఏముంది?"

"నాకు కావలసింది ఉంది."

"ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావు? నా కూతురు పచ్చళ్ళు పట్టడం నేర్చుకుంటోందనా? అదేదో మీ అమ్మే నేర్పుద్దిగా, కాలేజీ దేనికి?"

చుట్టాలు నవ్వారు. సొంత సరదాతో కాదు, పెట్టిన భోజనానికి.

"నీ పెట్టెలు కంపు కొట్టకుండా చూసే చదువు బావా అది. ముందు బాగుపడేది నువ్వే" అన్నాను.

"ఎనిమిది గట్టెక్కనోడివి, నువ్వా కాలేజీల గురించి చెప్పేది?"

"నేనే చెప్పాలి. నాకు ఏ కాలేజీతోనూ చుట్టరికం లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బావ ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"సెంటర్లో ఫ్లెక్సీ కట్టాక, ఊరంతా చూశాక, ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఫ్లెక్సీ మీద పెట్టుకున్నావుగా, అందరికంటే పెద్దది."

"నోర్ముయ్."

"అక్కడికెళ్ళి ఉండాల్సింది ఫ్లెక్సీ కాదు నాన్నా, నేను" అంది పిల్ల. గొంతు పెంచలేదు. చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది.

బావ ఎడమచేత్తో మొలతాడుకున్న తాళంచెవి తీసి అందరికీ చూపించాడు. "సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి. తాళం ఇదిగో. నీకిష్టమైన చోటికి ఉత్త చేతులతో పో."

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. "అడ్డమల్లా ఆ ఫ్లెక్సీయేగా. కట్టింది నేను. విప్పేస్తా."

"దాన్ని ముట్టుకుంటే మళ్ళీ నా గడప తొక్కవు."

"తొక్కినప్పుడల్లా ఏం పెట్టావులే బావా, ముళ్ళు."

కటింగ్ ప్లేయరు తీసుకుని వెళ్ళి, మిట్టమధ్యాహ్నం ఎండలో, సెంటర్లో స్టూలెక్కాను. కోపమే నన్ను ఎక్కించింది, న్యాయం ధర్మం అని చెప్పుకోను. పై తీగలు తెంపుతుంటే కింద ఎవరో ఫ్రేము పట్టుకున్నట్టయింది. చూస్తే పిల్ల. స్కూటీ రోడ్డు పక్కనే పడేసి వచ్చింది.

ఎదురుగా సోడాలు అమ్మే ముసలాయన కేకేశాడు. "ఏమ్మా, సీటు పోయిందా?"

"పోలేదు తాతయ్యా. నేనే వద్దనుకున్నా. బాపట్లలో చేరతన్నా."

"బాపట్లా? దగ్గరేగా, మంచిదే" అని ఆయన సీసాల వైపు తిరిగాడు.

ఊరంతా చూసిందని బావ వణికిపోయిన ఊరు అంతే. ఒక సోడా కొట్టేపాటి సేపు.

అప్పుడు కనిపించాడు బావ, సందు మొదట్లో, బండి స్టార్టులోనే ఉంచుకుని. దగ్గరికి రాలేదు. నలుగురిలో కూతురితో పోట్లాడితే అది మళ్ళీ ఇంకో ఫ్లెక్సీ. పిల్ల ఫ్రేము నుంచి ఊడదీసిన ఫ్లెక్సీని చాపలా చుట్టి తీసుకెళ్ళి ఇచ్చింది. "ఇదిగో నాన్నా." ఆయన దాన్ని బండి ట్యాంకు మీద అడ్డంగా పెట్టుకుని, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. కొట్టినా అంత తగిలేది కాదేమో.

సోమవారం పొద్దున తెనాలి రైలుకు మేమిద్దరం రేపల్లె స్టేషన్లో నిలబడ్డాం, ఉత్త చేతులతోనే. పోయి ఆ సారును బతిమాలదామని పిల్ల ఆలోచన. బండి కదిలే ముందు అక్క వచ్చింది, టిఫిన్ సంచి పట్టుకుని. సంచిలో ఇడ్లీల గిన్నె కింద, కవరులో సర్టిఫికెట్లు.

"తాళం ఎలా ఇచ్చాడే?" అన్నాను.

"ఇవ్వలేదు. బీరువా కొన్నప్పుడు తాళాలు రెండిస్తారురా. రెండోది అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు."

పిల్ల బాపట్లలో చేరింది. ఆదివారాలు తెనాలిలో మా ఇంటికొచ్చి నా బుర్ర తినేస్తుంది, చేపలూ ఉప్పూ తేమా అంటూ. స్టేషన్లో ఈల వినపడితే ఇప్పటికీ తల తిప్పుతుంది. లేచి మాత్రం నిలబడదు. వాళ్ళ నాన్న ఆ పిల్లతో ఫోనులో తిన్నావా, పడుకున్నావా వరకు వచ్చాడు. నా దాకా రాలేదు. మా ఇంటికి ఆయన పంపే చేపల పొట్లం కూడా ఆగిపోయింది. ముళ్ళు అన్నానుగా, అవీ లేవు.

మొన్న అక్కకు జ్వరమంటే గడప సంగతి పక్కనపెట్టి రేపల్లె వెళ్ళాను. దొడ్లో ఆ ఫ్లెక్సీ పరిచి దాని మీద రొయ్యపొట్టు ఆరబోశారు. కూతురి బొమ్మ, ఆయన బొమ్మ ఉన్న భాగం జాగ్రత్తగా కిందికి మడిచి ఉంది. కుడివైపు మూల మాత్రం నా మొహం పైకే ఉంది. ఒక కాకి నా నుదుటి మీద కూర్చుని తీరిగ్గా తింటోంది.

బావ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చున్నాడు, కాకుల్ని తోలడానికి చేతిలో పొడుగాటి కర్రతో. నన్ను చూశాడు. మిగతా మూలల మీద వాలిన కాకులన్నిటినీ తోలాడు.