శుక్రవారం రెండు మోతలు

దుబాయ్‌లో కాపురం పెట్టిన కొత్తలో శుక్రవారం అంటే నాకు ప్రాణం. వారమంతా మా ఆయన ఆఫీసు వాళ్ళ సొత్తు, ఆ ఒక్క పొద్దున మాత్రం నాది. అల్ కుసైస్‌లోని మా చిన్న ఫ్లాట్‌లో ఆలస్యంగా లేచి, పెసరట్లు పోసుకుని, వీధిలో నమాజు జనం పెరగక ముందే కూరగాయలు తెచ్చుకునేవాళ్ళం. ఆ పూటను కూడా ఎవరో ఆడమనిషి వచ్చి లాగేసుకుంది. అదీ కెన్యా నుంచి!

రెండు వేల ఐదులో మొదలైంది ఈ గోల. సరిగ్గా అట్టు పెనం మీద ఉండగా ఆయన ఫోను ఒక్కసారి మోగి ఆగేది. "అందిందిలే" అనుకుని ఆయన హాయిగా కుర్చీలో వెనక్కి వాలేవారు. కొన్ని వారాలు మాత్రం మోగి ఆగి, వెంటనే మళ్ళీ మోగేది. అప్పుడిక చేతిలో ముక్క ప్లేటులో పడేసి, ఫోను పట్టుకుని బాల్కనీలోకి పరుగు. పైగా తలుపు కూడా వేసేసేవారు, ఏసీ చల్లదనం బయటికి పోతుందని. ఏసీ కోసమట!

నాకు ఒళ్ళు మండింది ఆయన పరుగు చూసి కాదు, ఆ మోత విని. అది మాది. పెళ్ళి కుదిరాక ఆయన ఇక్కడ, నేను గుంటూరులో ఉన్న రోజుల్లో మేం చేసుకున్న ఏర్పాటు. ఒకసారి మోగి ఆగితే, బాగానే ఉన్నానని. వెంటనే మళ్ళీ మోగితే, నీతో మాట్లాడాలని ఉంది, ఫోన్ చెయ్యి అని. మిస్డ్ కాల్ ఇవ్వని తెలుగువాళ్ళు ఎవరుంటారు గానీ, ఆ వరస మాత్రం మా ఇద్దరిదే అనుకునేదాన్ని.

"ఎవరండీ ఆవిడ?" ఒక శుక్రవారం అడిగేశాను.

"రైతు. చెప్పానుగా, టమాటా ధరల మెసేజ్‌లని."

చెప్పారు, నిజమే. ఒకేసారి వందల ఫోన్లకు మెసేజ్‌లు పంపే కంపెనీ వాళ్ళది. ఎక్కువగా దుకాణాల ప్రకటనలే. కెన్యాలో కొండల మీద ఊళ్ళ రైతు సంఘం ఒకటి అడిగితే, వాళ్ళ కోసం ఈ పని కొత్తగా మొదలుపెట్టారు. శుక్రవారం వాళ్ళకు సంత. అక్కడి నగరం మార్కెట్ నుంచి ఒకతను పొద్దున్నే టమాటా పెట్టె ధర మా ఆయన ఫోనుకు పంపేవాడు. ఆయన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని సంఘంలో అందరికీ పంపేవారు. ఇక పొలానికి లారీ తెచ్చే వ్యాపారి ఏ రేటు చెబితే దానికి తల ఊపనక్కర్లేదు, బేరమాడొచ్చు. మెసేజ్ అందితే సంఘం పెద్ద ఒకసారి మోగించాలి, అందకపోతే రెండుసార్లు. ఆ పెద్ద ఈవిడే.

"ఆ మోతల సంగతి ఆవిడకి ఎవరు నేర్పారు?"

"నేనే. ఖర్చుండదుగా. మనం చేసుకునేవాళ్ళం చూడు, అచ్చం అలాగే."

ఎంత నింపాదిగా అన్నారో!

"మా నాన్న మిర్చి బస్తాలు ట్రాక్టర్‌కెత్తి యార్డుకి పోతే గానీ ధర తెలీదు. ఆయనకి ఏనాడన్నా ఓ మెసేజ్ పంపారా మీరు?"

"మామయ్యగారు పేపర్లో చూసుకుంటారు కదే."

"నిన్నటి ధర!"

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఎలా ఉంటుందోనని గిన్నెలు తోముతూ ఊహించుకునేదాన్ని. పొడుగ్గా, నాజూగ్గా, మంచి గొంతుతో ఉంటుందనిపించేది. పెళ్ళయిందో లేదో అడగడానికి అభిమానం అడ్డొచ్చేది. "గట్టి మనిషి. ఈ వారం వ్యాపారి నోరు మూయించిందట" అని ఆయన మెచ్చుకుంటూ తినేవారు. అల్లప్పచ్చడి ఎలా ఉందో ఒక్క మాట అనేవారు కాదు.

ఒక శుక్రవారం ఆఫీసులో మెసేజ్‌లు పంపే మెషీన్ ఆగిపోయింది. ముదీర్, అదే వాళ్ళ మేనేజరు, పిలిచాడు. "యల్లా యల్లా, తొందరగా రమ్మంటున్నాడు, వెళ్ళొస్తా" అని ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగారు. ఫోను మాత్రం ఛార్జింగ్‌లో మర్చిపోయారు.

కాసేపటికి ఆ ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఇంకాసేపటికి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది.

మోగనీ అనుకున్నాను. ప్రాణం హాయిగా ఉంది. అట్లకాడతో అట్టు తిరగేశాను. మళ్ళీ అదే వరస. అప్పుడు గుర్తొచ్చింది లారీ. నా చిన్నప్పుడు దళారి మా కళ్ళంలో నిలబడి "ఇస్తావా, పొమ్మంటావా" అని తొందరపెడుతుంటే, నాన్న ఏం చెప్పాలో తెలియక దిక్కులు చూడడం నేను చూశాను. మిర్చి అయినా నాలుగు రోజులు ఆగుతుంది. టమాటా ఆగదు. పొయ్యి ఆపి, మెసేజ్ తెరిచి, ధర అరచేతి మీద రాసుకుని ఆవిడకు ఫోన్ చేశాను.

నేననుకున్న గొంతు కాదది. బొంగురుగా, ఆయాసంగా ఉంది. నాకెంత ఇంగ్లీషు వచ్చో ఆవిడకీ అంతే. "ధర రాలేదు. లారీ వెళ్ళిపోతోంది" అంది. నా చేతి మీదున్న అంకె చెప్పాను. ఆవిడ దాన్నే ఎవరికో కేకేసి చెప్పింది. వాళ్ళ భాషలో పెద్ద వాదన నడిచింది. లారీ స్టార్టయింది. అంతలోనే ఇంజను ఆగిపోయింది.

"ఇస్తానన్నాడు! ఇంచుమించు అదే ధర!" అని ఊపిరి పీల్చుకుంది ఆవిడ. "ఇంతకీ నువ్వెవరు?"

"ఆయన భార్యని" అన్నాను, భార్య అనే మాట కాస్త గట్టిగా పలికి.

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత మగ గొంతు వినిపించింది.

"నేను ఈమె భర్తను. మేడమ్, నిజం చెప్పండి. మీరు నిజంగానే ఆయన భార్యా? ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"అవునండీ, ఒకే ఇంట్లో."

"ప్రతి శుక్రవారం ఈవిడ దుబాయ్ మనిషికి మోగించి ఆపేస్తుంది. ఆయన ఫోన్ చేస్తే గట్టు మీదికెక్కి మాట్లాడుతుంది. సిగ్నల్ కోసమట!"

నేను నేల మీద కూలబడి నవ్వాను. అక్కడ ఆవిడా నవ్వుతోంది. ఆవిడ భర్త మాత్రం నవ్వలేదు. ఇకనుంచి మోగిస్తే నా నంబరుకే మోగించాలని షరతు పెట్టాడు. నా మనసులో మాట ఆయన నోట వచ్చింది. నంబరు ఇచ్చేశాను.

తరువాతి శుక్రవారం మా ఆయన ధర పంపి, పెసరట్టు ముందు కూర్చుని, అలవాటుగా తన ఫోను వైపే చూస్తున్నారు. మోగింది నాది. మోగి ఆగి, వెంటనే మళ్ళీ మోగింది. నేను ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నేను మాట్లాడినంతసేపూ ఆయన అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు.

లోపలికి రాగానే అడిగారు: "మెసేజ్ అందలేదా?"

"అందిందట."

"మరి రెండుసార్లెందుకు మోగించింది?"

"నాతో మాట్లాడాలని ఉందట" అన్నాను.

ఆ వరసకు అర్థం ఆయనకు నేను చెప్పక్కర్లేదు. ఆ పూట పెసరట్టు సగంలోనే వదిలేశారు.